గట్టయ్య గడువు

సందు మొదట్లో కావడి బద్ద కిర్రుమన్న చప్పుడు వినపడగానే ప్రేమమ్మ లోపలి అర తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టేది. పొయ్యి మీద ఏమున్నా, చేతులకు పిండి అంటి ఉన్నా, ముందు ఆ గొళ్ళెం పడాలి. ఆ తరువాతే "రా గట్టయ్యా" అనే మాట.

గట్టయ్య వాకిలి దాటి లోపలికి ఎన్నడూ రాలేదు. కుండల్లోని నీళ్ళు గోళెంలోకి వంచి, కావడిని గోడకు ఆనించి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకుని నిలబడేవాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో ఒక షావుకారి గరిసెకు కన్నం వేసి జొన్నలు ఎత్తుకుపోయిన కేసులో కరీంనగర్ కోర్టు అతణ్ణి జైలుకు పంపకుండా, మంచిగా నడుచుకుంటానని ముచ్చలికా రాయించుకుని వదిలిపెట్టింది. ఊళ్ళో ఉంటే షావుకారి మనుషులు బతకనివ్వరని మేనమామ ఉన్న మంచిర్యాలకు పంపారు. గడువు తీరేదాకా గోదావరి దాటి రాకూడదన్నారు. గోదావరి దాటితే జిల్లా వేరు. కేసు కరీంనగర్‌ది, మనిషిని కనిపెట్టుకుని ఉండే పని ఆదిలాబాద్ ప్రొబేషన్ ఆఫీసుది. ఆ ఆఫీసువాళ్ళు మాటిమాటికీ ఇంత దూరం రాలేరు. అందుకని వారం వారం గట్టయ్య ముఖం చూసి, నడత ఎలా ఉందో నెలకొకసారి చెప్పే బాధ్యత ఇక్కడి క్రైస్తవ సంఘంలో ఉపదేశిగా ఉన్న ఏలియాకు అప్పగించారు. ఏలియా ప్రేమమ్మ భర్త.

ఏలియా అరుగు మీద కూర్చుని అడిగేవాడు.

"గీ వారం యాడ పనిజేసినవ్?"

"టింబర్ డిపోల అయ్యగారూ. రెండు దినాలు మందిరం కాడ రాళ్ళు మోసిన."

"తాగినవా?"

"లే."

"గంగ దాటినవా?"

"లే అయ్యగారూ."

గోదావరి మాట వచ్చినప్పుడు మాత్రం గట్టయ్య గొంతు కొంచెం తగ్గేది. ప్రేమమ్మ ఆ తగ్గడం పట్టేసింది. అబద్ధం ఆడేవాడి గొంతే అలా కిందికి దిగుతుందని ఆమెకు నమ్మకం. అతడు వెళ్ళిపోయాక వాకిట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఒకసారి కలయజూసేది. ఏదీ ఎన్నడూ పోలేదు. పోకపోవడం కూడా ఆమెకు అనుమానంగానే ఉండేది. పెద్దదానికి కాచుకుని కూర్చున్నవాడు చిన్నచిన్నవి ముట్టుకోడు కదా.

మందిరం పని మొదట్లో ఇంత లేదు. పాత పూరిపాక స్థానంలో రాతి గోడలు, పెంకు కప్పు వెయ్యాలని సంఘం అనుకున్నప్పుడు, "ఖాళీగ ఉంటే మనసు చెడుతది, వచ్చి జర చెయ్యెయ్యి గట్టయ్యా" అన్నాడు ఏలియా. గట్టయ్య చెయ్యేశాడు. పునాది తవ్వాడు. సున్నపు బట్టీకి కట్టెలు కొట్టాడు. వాగు నుంచి రాళ్ళు మోశాడు. గోడలు మనిషెత్తు దాటేసరికి, సంఘంలో మగవాళ్ళు ఆదివారం సాయంత్రం వచ్చి నాలుగు రాళ్ళు అందించి వెళ్తుంటే, మిగతా వారమంతా అక్కడ కనపడేది గట్టయ్య ఒక్కడే. మందిరం పని చేసిన రోజుల్లో అతనికి మధ్యాహ్నం ప్రేమమ్మ చేతి జొన్న గట్క దొరికేది. అంతకు మించి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అతడూ అడగలేదు. నెల నెలా తన గురించి మంచి మాట ఆదిలాబాదుకు వెళ్ళాలంటే ఈ చెయ్యి ఆగకూడదని అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

చలి వెనక్కి తగ్గుతున్న రోజులవి. బుధవారం ప్రేమమ్మ బజారుకు వెళ్ళి వస్తూ రైల్వే స్టేషను పక్కనుంచి నడుస్తుంటే గట్టయ్య కనిపించాడు. డిపోలో ఉండాల్సిన వేళ. పెద్దపల్లి వైపు నుంచి వచ్చిన ప్యాసింజరు ఆగి ఉంది. అతడు డబ్బా డబ్బాకూ తల పెట్టి లోపలికి చూస్తున్నాడు. దిగేవాళ్ళ ముఖాలు వెతుకుతున్నాడు.

'దొరికిండు,' అనుకున్నది ప్రేమమ్మ. కూరగాయల సంచి చంకలో ఇరికించుకుని, సామాన్ల షెడ్డు గోడ చాటున నిలబడింది.

తలమీద గాజుల గంప ఉన్న ఒక ముసలామె దిగింది. గట్టయ్య ఆమె దగ్గరికి పరుగెత్తినట్టే వెళ్ళి గంప పట్టి కిందికి దించాడు. ఇద్దరూ షెడ్డు నీడకు వచ్చారు. గోడకు ఇవతల ప్రేమమ్మ, అవతల వాళ్ళు.

"శంకరవ్వా, మా ఇంటామె రాజక్క కనవడ్డదా?"

"కనవడక యాడికి పోతది? తల్లిగారింట్ల మంచిగనే ఉన్నది. నువ్వు రాలే, రాలే అని ఒక్కటే ఏడుపు."

"బిడ్డ?"

"బిడ్డకేమయ్యా, బుగ్గలేసుకున్నది. పండ్లు వొస్తున్నయి, ఏది దొరికితె గది నోట్ల వెట్టుకుంటుంది. నా గాజు గుంజి నోట్ల వెట్టుకున్నది."

గట్టయ్య ముందుకు వంగి అడిగాడు. "ఎవలి తీరున్నదే?"

"నీ తీరే. నొసలంత నీదే." ముసలామె గంప సర్దుకుంటూ అన్నది. "ఒక్కపారి వచ్చి చూసి పోరాదూ? గంగ అవుతల్నే గదా."

"నన్ను దాటనియ్యరవ్వా. ఉపదేశయ్యను అడిగిన. కప్పు వడ్డంక అడిగి సూద్దాం అన్నడు."

ప్రేమమ్మ ఇంటికి వచ్చేసింది. దారి పొడుగునా ముఖం వేడిగా ఉంది. అయినా వంటింట్లో కూర్చుని వంకాయలు తరుగుతుంటే పాత బుద్ధి మళ్ళీ తల ఎత్తింది. పెళ్ళాం, బిడ్డ అవతల ఉంటే పారిపోవడానికి వాడికి ఇంకా ఎక్కువ కారణం ఉన్నట్టే కదా! ఆ సంగతి భర్తకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూనే ఆ సాయంత్రం గడిచిపోయింది.

మర్నాడు పొద్దెక్కాక ఆదిలాబాద్ ఆఫీసరు సాంబయ్య వచ్చాడు. స్టేషను దగ్గర ఇంకేదో కేసు చూసుకుని, బస్సుకు వేళ ఉందని దారిలో ఆగాడు. ఏలియా ఇంట్లో లేడు. దూలాలకు టేకు మొద్దులు చూడటానికి డిపోకు వెళ్ళాడు. ప్రేమమ్మ కుర్చీ తుడిచి వేసి, చాయ పెట్టి ఇచ్చింది.

సాంబయ్య చాయ ఊదుకుంటూ మాటవరసకు అడిగాడు. "ఆ గట్టయ్య కబురేమన్నా తెలుస్తున్నదా అమ్మా? ఊరికి పోయినంక మంచిగనే ఉన్నడా?"

"ఊరికేడ పోయిండు సారూ? ఈడ్నే ఉన్నడు గదా. మందిరం కాడ రాళ్ళు మోస్తుండు."

సాంబయ్య కప్పు దించాడు. "ఇంకా ఇక్కడనేనా? ఆయన గడువు బతుకమ్మ పండుగకు ముందే తీరిపోయింది గదా. కరీంనగరోళ్ళు మాకు కబురు చేసిండ్రు, నేను స్వయంగా వచ్చి మీ ఆయనకు చెప్పి పోయిన. ఇగ నువ్వు హాజరు తీసుకునే పని లేదు ఉపదేశీ, పొమ్మని చెప్పు అన్న." కాసేపు ఆలోచించి, తనకు తానే జవాబు చెప్పుకున్నాడు. "పోనియ్యి, ఇష్టమైతె ఉన్నడేమో. మంచిదే. దేవుని పని."

బస్సుకు వేళయిందని లేచి వెళ్ళిపోయాడు.

ఏలియా సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుంటుండగా అడిగింది.

"సాంబయ్య సారు వచ్చి పోయిండు. గట్టయ్య గడువు ఎన్నడో అయిపోయిందట?"

నీళ్ళు పోసుకుంటున్న చెంబు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"చెప్తనే. చెప్పనంటున్ననా? శనివారం దూలాలు ఎక్కనీ. ఇప్పుడు చెప్తే పొద్దుగాల్నే ఎల్లిపోతడు. గా రాళ్ళు, గా సున్నం ఎవలు మోయాలె? మనోళ్ళ సంగతి నీకు ఎరుకలేదా?"

"ఆయనకు పెండ్లాం ఉన్నది. బిడ్డ పుట్టింది."

"ఉంటే? ఈడ నాలుగు మంచి మాటలు ఇంటుండు. తాగుడు మానిండు. ఊరికి పోతె మళ్ళ గదే గరిసె, గదే కన్నం." ఏలియా కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అతని ముఖంలో దొంగతనం ఏమీ లేదు. అది చూసే ప్రేమమ్మకు భయం వేసింది. "నేను ఆపిన్నా ఆయన్ను? పొమ్మనలే, గంతే."

తెల్లవారి కావడి చప్పుడు వినపడింది. ప్రేమమ్మ చెయ్యి అలవాటుగా గొళ్ళెం మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. తలుపు అలాగే తెరిచి ఉంచి వాకిట్లోకి వచ్చింది. ఏలియా అప్పటికే మొద్దుల బండి వెంట మందిరానికి వెళ్ళాడు.

"గట్టయ్యా, నీ గడువు తీరిపోయింది. నువ్వు ఊరికి పోవచ్చు."

గట్టయ్య నీళ్ళు వంచుతూనే ఉన్నాడు. వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పింది. అతడు కుండ దించి, నెమ్మదిగా తలెత్తాడు. ఆ చూపు ముందు తెరిచి ఉన్న అర తలుపు మీదికి, తరువాత ఆమె ముఖం మీదికి వచ్చింది.

"అయ్యగారు చెప్పమన్నడా అమ్మా?"

"లే. నేనే చెప్తున్న. నిన్న సారు వచ్చి చెప్పిండు. బతుకమ్మకు ముందే అయిపోయిందట."

"నేనేం తప్పు జేసిన్నమ్మా?" గట్టయ్య రెండు చేతులూ జోడించాడు. "మొన్న స్టేషన్ కాడ మిమ్ముల చూసిన. షెడ్డు ఎనుక ఉన్నరు. ఇయ్యాల తలుపు తీసి వెట్టి, పొమ్మంటున్నరు. నేను గంగ దాటాలె, పోలీసులు పట్టుకోవాలె. గట్లనే గదా? దూలాలు ఎక్కేదాంక ఉంట. నా మీద చెడ్డ మాట రాయించకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

ఇన్నాళ్ళూ ఈ మనిషి చూపులో ప్రేమమ్మ వెతికిన అనుమానం ఇప్పుడు నిజంగానే అందులో ఉంది, అది తన మీదే ఉంది. ఒట్టేసి చెప్పింది. యేసయ్య మీద ఒట్టన్నది. గట్టయ్య రుమాలు నలుపుతూ తల అడ్డంగా ఊపాడు. నమ్మాలంటే ముచ్చలికా ఉన్న కరీంనగర్ ఆఫీసే చెప్పాలన్నాడు. అక్కడికి పోవాలంటే గోదావరి దాటాలి. దాటితే తప్పు.

"నేనొస్త నీ వెంట," అన్నది ప్రేమమ్మ. "ఎవలన్న పట్టుకుంటే నేనే తీస్కపోతున్న అని చెప్త. నీ బిడ్డకు పండ్లొస్తున్నయి గట్టయ్యా. నడువు."

బిడ్డ మాటకు అతని చెయ్యి ఆగింది.

పెద్దపల్లిలో అక్కకు బాగాలేదట, చూసి వస్తానని పక్కింటివాళ్ళతో భర్తకు కబురు పెట్టింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ప్యాసింజరులో గట్టయ్య తలుపు పక్కన కింద కూర్చున్నాడు. బండి గోదావరి వంతెన ఎక్కినప్పుడు ఇనుప కమ్మీలు ధడధడమని వెనక్కి పోతుంటే, అతడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అవతలి గట్టు వచ్చేదాకా ఎత్తలేదు. టికెట్లు చూసే మనిషి డబ్బాలోకి రాగానే, ఆమె కంటే ముందే లేచి నిలబడి రుమాలు చేతిలోకి తీసుకున్నాడు.

పెద్దపల్లిలో దిగి బస్సు పట్టుకుని కరీంనగర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆఫీసులో కళ్ళద్దాల మనిషి ఒకాయన అన్నం తిని అప్పుడే వచ్చి కూర్చున్నాడు. పేరు, ఊరు అడిగి, కట్టలు కాసేపు వెతికి, తల ఎత్తాడు.

"నీది అయిపోయింది కదయ్యా. ఎప్పుడో అయిపోయింది."

"ఇంకొక్కపారి చెప్పుండ్రి సారూ."

"అయిపోయింది అంటే అయిపోయింది. నువ్వు ఇప్పుడు అందరిలాంటి మనిషివే."

"గంగ దాటొచ్చునా?"

"దాటే కదా వచ్చావు!" ఆయన నవ్వాడు.

గట్టయ్య నవ్వలేదు. "మా ఊరికి పోవాల్నంటే ఎవలికి చెప్పి పోవాలె సారూ?"

"ఎవరికీ చెప్పక్కర్లేదు."

ఆ మాట దగ్గర ఆ ఉద్యోగికి ఏదో తట్టినట్టుంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్నాళ్ళూ అక్కడే హాజరు చెప్పుకుంటూ ఉన్నావా? ఎందుకు? ఎవరన్నా ఉండమన్నారా? నీతో పని చేయించుకున్నారా? భయపడకు, చెప్పు."

గట్టయ్య తల తిప్పి ప్రేమమ్మ వైపు చూశాడు. తొందరేమీ లేకుండా, నిదానంగా చూశాడు. ప్రేమమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. గచ్చు మీద చీమల బారు గోడ వైపు పోతున్నది. ఏలియా పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అరుగు మీద కూర్చునే ఆయన, ఆదివారం వాక్యం చదివే ఆయన గొంతు, ఊళ్ళో ఆయనకు చేతులెత్తే జనం, అందరూ ఆ పేరు వెంటే వచ్చి అడ్డం నిలబడ్డారు.

"ఎవ్వలనలే సారూ," అన్నాడు గట్టయ్య చివరికి. "నేనే ఉన్న."

"నువ్వెవరమ్మా?"

"గీయన నాకు ఎరుక," అన్నది ప్రేమమ్మ. ఆ గదిలో ఆమె పలికిన మాట అదొక్కటే.

బస్టాండులో జగిత్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అందులో పోతే మెట్‌పల్లికి దారి. గట్టయ్య మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"నా బిడ్డ బతుకమ్మ దినాలల్ల పుట్టింది. అప్పుడే చెప్తే పురుడు నాడు నేనుండేది." రుమాలు తలకు చుట్టుకుంటూ అన్నాడు. "ఆ సారు అడిగినప్పుడు, మీరు చెప్తరేమో అని సూసినమ్మా."

ఆమె జవాబు కోసం అతడు ఆగలేదు. బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. కిటికీల్లో అతని తల ఏదో ఆమె పోల్చుకోలేకపోయింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. ఏలియా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మీ అక్క మంచిగున్నదా?"

"అక్క దగ్గరికి పోలే. గట్టయ్యను కరీంనగర్ తీస్కపోయిన. వాళ్ళ నోటితోని చెప్పించిన. ఊరికి పోయిండు."

ఏలియా అరుగు దిగి నిలబడ్డాడు. గొంతు చిన్నది చేసి అడిగాడు.

"నా మీద ఫిర్యాదు జేసిండా?"

"లే."

"నువ్వు?"

"నేను గూడ అన్లే."

ఏలియా ఊపిరి వదలడం ఆమెకు వినపడింది. "నువ్వు బుద్ధిమంతురాలివి," అని లోపలికి నడిచాడు. అన్నం పెట్టమన్నాడు. ఆకలిగా తిన్నాడు. మారు వడ్డించమని గిన్నె ముందుకు జరిపాడు. ప్రేమమ్మ వడ్డిస్తూ ఆ చెయ్యిని చూసింది. పద్దెనిమిదేళ్ళుగా తెలిసిన చెయ్యి. తన కంచంలో మాత్రం మెతుకు పెట్టుకోలేకపోయింది.

శనివారం పొద్దున మందిరం దగ్గర సంఘం అంతా చేరింది. ఆడవాళ్ళు నీళ్ళు, గట్క తెచ్చారు. మొదటి దూలం నేల మీద పరిచి ఉంది. నూనె రాసిన టేకు ఎండలో మెరుస్తున్నది. పెద్ద మనిషి అహరోను తలకు కండువా బిగించుకుని చుట్టూ చూశాడు. అరవై దాటినా భుజాలు ఇంకా గట్టిగానే ఉన్న మనిషి అతడు.

"గట్టయ్య యాడ? ఆయన లేంది దూలం గోడెక్కదు."

ఏలియా భుజం మీద గుడ్డ మడత సర్దుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "పారిపోయిండు."

ఆడవాళ్ళలో చప్పుడు లేచింది. "గంత తిండి వెట్టినా గింతేనా?" అన్నదొకామె. "అక్కా, నీ ఇంట్ల గిన్నెలన్ని ఉన్నయో లేవో చూసుకో జర," అని ఇంకొకామె ప్రేమమ్మ మోచెయ్యి తట్టింది.

"ఎంత చెప్పినా దొంగ బుద్ధి దొంగ బుద్ధే," అన్నాడు ఏలియా. "పట్టుండ్రి."

నలుగురు వంగారు. ఒక కొసకు అహరోను, ఇంకొకడు. రెండో కొసకు ఏలియా, అతని పక్కన ఒకడు. దూలం లేచి భుజాలకెక్కింది. ఆ బరువు కిందనే మెడ వంచి అహరోను అన్నాడు. "అట్లయితె ఠాణాల కబురియ్యాలె ఉపదేశీ. ముచ్చలికా మనిషి పారిపోతె మన మీదికొస్తది. మధ్యాహ్నం నేనే పోత."

ఏలియా వద్దనకుండా దూలాన్ని భుజం మీద సర్దుకున్నాడు.

ప్రేమమ్మ చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టింది. పెట్టేటప్పుడు రాయికి తగిలి చప్పుడైంది. మగవాళ్ళ పని జరిగే చోటికి ఆడవాళ్ళు రారు. ఆమె నడిచి వచ్చింది.

"ఠాణాకు పోకు మామా. ఆయన పారిపోలే. నేనే తోలి వచ్చిన. ఆయన గడువు బతుకమ్మ నాటికే తీరింది. ఆఫీసరు వచ్చి మా ఇంట్ల చెప్పి పోయిండు. మా ఆయనకు ఎరుక. మొన్న నాకు గూడ ఎరుకైంది. నిన్న కరీంనగర్‌ల అడిగితె నేను నోరు మూసుకున్న." గోడ వైపు చెయ్యి చూపింది. "గీ గోడ సగం ఆయనకు చెప్పకుంట లేపినం."

దూలం కింద నలుగురి మెడలూ వంగే ఉన్నాయి. అహరోను కళ్ళు మాత్రం పక్కకు తిరిగి ఏలియాను వెతికాయి.

"నిజమేనా ఉపదేశీ?"

"కప్పు వడ్డంక చెప్దామని..." అన్నాడు ఏలియా.

"నా పడుసుతనంల మా దొర గట్లనే అనేటోడు. కోతలైనంక పో, కట్టెలేసినంక పో." అహరోను తన పక్కవాడికి సైగ చేశాడు. ఇద్దరూ మోకాళ్ళు వంచి, తమ కొసను రాళ్ళ కుప్ప మీదికి దించారు. అహరోను తల కండువా విప్పి దులిపాడు. "మనం చేయించుకున్నది ఎట్టి చాకిరి. దేవుని పేరు వెట్టి చేయించుకున్నం."

అతడు పోయి గోడ నీడన కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఒకరి తరువాత ఒకరు చేతుల్లోని తాళ్ళు, గంపలు కింద పెట్టారు. ఏలియా పక్కన ఉన్నవాడు ఎటూ తోచక కాసేపు నిలబడి, మెల్లగా భుజం తప్పించుకున్నాడు. దూలం రెండో కొస ఇప్పుడు ఏలియా ఒక్కడి మీద ఉంది. దించడానికి వంగితే జారేట్టుంది, నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి లేదు. సాయానికి ఎవర్నీ పిలవలేదు.

ప్రేమమ్మ కొంగు నడుముకు దోపుకుని, భర్త పక్కకు వెళ్ళి, దూలం కింద రెండు చేతులూ పెట్టింది.

"దించయ్యా," అన్నది.